పాడి తప్పని పాడి

పాల వ్యాపారం గురించి అమెరికాలో ఒక పాత మాట ఉంది. గురువులమైన మాకు అది కాస్త గుచ్చుకునే మాటే. 1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పాలలో వెన్న ఎంత ఉందో తేల్చే సులువైన పరీక్ష కనిపెట్టాడు. సన్నని మెడ ఉన్న సీసాలో పాలూ గంధకామ్లమూ పోసి గిరగిర తిప్పితే వెన్న పైకి తేలి, మెడమీద గీతల దగ్గర ఇంత అని కనిపిస్తుంది. అంతకు ముందు పాలకు తూకాన్ని బట్టి డబ్బు ఇచ్చేవారు. నీళ్ళు కలిపినవాడికీ, మీగడ తీసుకున్నవాడికీ, ఏమీ చేయనివాడికీ ఒకటే ధర. పరీక్ష వచ్చాక ఆ ఆట కట్టింది. అప్పటి గవర్నరు హోర్డ్ దానిని చూసి, పాడిరైతుల్ని నిజాయితీపరులుగా చేయడంలో బైబిలు కంటె ఈ సీసాయే ఎక్కువ పని చేసిందని అన్నట్లు చెప్పుకుంటారు.

ఆ మాటకు కోపం తెచ్చుకోనక్కరలేదు, ఊరికే వదలడానికీ లేదు. సీసాకు భయపడి నీళ్ళు కలపడం మానినవాడు నిజాయితీపరుడు అయ్యాడా, లేక దొరికిపోయే పని చేయకూడదని మాత్రమే నేర్చుకున్నాడా? అరిస్టాటిల్ ఈ భేదాన్ని క్రీస్తుకు పూర్వమే చూపాడు. న్యాయమైన పని చేయడం ఒకటి, న్యాయవంతుడు ఏ మనసుతో చేస్తాడో ఆ మనసుతో చేయడం మరొకటి. మొదటిది బయటి ఒత్తిడి వల్ల కూడా జరగవచ్చు, రెండవది లోపలినుంచే రావాలి. గురు విద్యాలయంలో మాకు ఇది పరీక్ష కాగితం మీద రాసే జవాబు. పల్లె విచారణలో, తెల్లవారుజామున పాల కేనుల చప్పుడు వినిపించే వీధిలో, ఇది రోజుకు రెండు పూటలా ఎదురయ్యే ప్రశ్న.

మన తీరప్రాంతంలో, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పల్లెల్లో, ఒకటో రెండో బర్రెలున్న ఇళ్ళే ఎక్కువ. పొలం పట్టా ఎవరి పేరున ఉన్నా పాల డబ్బు మాత్రం చాలా ఇళ్ళలో ఆడవారి చేతికి వస్తుంది. పిల్లల ఫీజు, చీటీ కంతు, మందుల ఖర్చు అన్నీ అందులోనుంచే. పాలకేంద్రంలో చిన్న గిన్నెడు పాలు తీసి యంత్రంలో పెడతారు. వెన్న ఇంత, వెన్న కాని ఘనపదార్థాలు ఇంత అని అంకెలు వస్తాయి. ఆ అంకెలే ధర. పాలలో నీళ్ళు పోసి అమ్మిన మనిషి మూటను కోతి ఎత్తుకుపోయి, పాల డబ్బు గట్టుమీదికీ నీళ్ళ డబ్బు ఏటిలోకీ విసిరిన కథ మన ముసలివాళ్ళు చెప్పేవారు. ఇప్పుడు ఆ కోతి పని యంత్రం చేస్తున్నది. మంచిదే. తప్పును తప్పుగా చూపించే సాధనాన్ని శ్రీసభ ఎన్నడూ కాదనదు. దొంగ తూనికరాళ్ళను లేవీయకాండము నిషేధించింది, కుంచం చిన్నది చేసి వెల పెంచే వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించాడు. సరైన త్రాసు కూడా దేవుని ఆజ్ఞలో భాగమే.

అయితే త్రాసు ఏమి తూచగలదో అదే చెబుతుంది. 2008లో చైనాలో జరిగినది గుర్తు చేసుకుందాం. పాలలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో చెప్పే వాడుక పరీక్ష వాటిని నేరుగా కొలవదు, నత్రజనిని కొలిచి లెక్క కడుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు పాలలో నీళ్ళు కలిపి, నత్రజని దండిగా ఉండే మెలమిన్ అనే ప్లాస్టిక్ పరిశ్రమ పొడిని కూడా కలిపారు. అంకె సరిగ్గా వచ్చింది. ఆ పాలతో చేసిన డబ్బాపాలు తాగి సుమారు మూడు లక్షలమంది పసిబిడ్డలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. అక్కడ పరీక్ష లేకపోలేదు. మనుషులు పరీక్షకు సరిపోయే పాలు తయారుచేశారు, బిడ్డకు సరిపోయే పాలు కాదు.

మనం అంత దుర్మార్గులం కాము. నిజమే. పాలలో యూరియా, సబ్బుపొడి కలిపే ముఠాల గురించి పత్రికలో చదివి మనమందరం నిట్టూరుస్తాము. కాని 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. నూటికి తొంభైమూడు సురక్షితమైనవే. అటువంటి పదార్థాలు కలిపిన కల్తీ దొరికినవి 12. పశువుకు వేసిన యాంటీబయాటిక్ మందుల శేషం పరిమితికి మించి ఉన్నవి 77. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మించి ఉన్నవి 368. వెన్న, చిక్కదనం తక్కువైన నమూనాలు ఇంకా ఎన్నో ఉన్నాయిగాని అది జేబుకు నష్టం, ప్రాణానికి కాదు. ఈ లెక్కను రెండుసార్లు చదవండి. ముఠాలు కలిపినదానికంటె మన కొట్టంలోనుంచి, మన చేతులమీదుగా వచ్చినదే ఎన్నో రెట్లు ఎక్కువ. దానిని ఎవరూ బుద్ధిపూర్వకంగా కలపలేదు. పాలకేంద్రంలోని యంత్రానికి అది కనబడదు కూడా.

బూజు సంగతి మన తీరంవారికి ప్రత్యేకం. మనకు ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనానివి, అక్టోబరునుంచి డిసెంబరుదాకా. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను జిల్లాను వరదలు ముంచినప్పుడు ఇళ్ళతోపాటు వాములూ తడిశాయి, దాణా బస్తాలూ తడిశాయి. తడిసిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న, ముక్కిన తవుడు నాలుగు రోజుల్లో పచ్చగా బూజు పడతాయి. మనిషి తినడానికి పనికిరానిది గొడ్డుకు వేస్తాము. గొడ్డు ఏమీ అనదు, తింటుంది. ఆ బూజులో పుట్టే విషం బర్రె కాలేయంలో కొంచెం రూపు మార్చుకొని పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. మేత మార్చితే కొద్దిరోజుల్లో పాలలోనుంచి పోతుంది, అంత సులువు కూడా. ఈ విషాన్ని లోకం గుర్తించింది 1960లో, ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోయినప్పుడు. వాటికి వేసినది బ్రెజిలు దేశంనుంచి తెచ్చిన వేరుశనగ పిండి. మన ఒంగోలు జాతి పశువులు ఆ బ్రెజిలులోనే మన జిల్లా పేరుతో ‘నెలోర్’ అని లక్షోపలక్షలుగా ఉన్నాయి. పేరు ఇక్కడినుంచి అక్కడికి పోయింది. ఆ పాఠమైనా అక్కడినుంచి మనదాకా వస్తే మేలు.

ఇక మందుల సంగతి. పొదుగువాపు పాడిరైతుకు తెలియని జబ్బు కాదు. తడి నేల, పేడ, కడగని చేతులు, పొదుగులో మిగిల్చిన పాలు, వీటివల్ల సూక్ష్మక్రిములు చన్నుమొనలోనుంచి లోపలికి పోతాయి. పాలు పిండిన తరువాత అరగంటదాకా ఆ రంధ్రం సరిగా మూసుకోదు. అందుకే పిండగానే మేత వేసి బర్రెను నిలబెట్టాలని పశువైద్యులు చెబుతారు. మొదటి రెండు ధారలు నల్లగుడ్డమీద పిండి చూస్తే తరకలు కనబడతాయి. పైకి వాపు లేకుండా లోపల ఉన్న జబ్బు కూడా ఉంటుంది. ప్రత్యేకమైన సబ్బు ద్రవం కలిపి తిప్పితే ఆ పాలు జిగురుగా గట్టిపడతాయి. ముందుగా గుర్తిస్తే కలబంద, పసుపు, సున్నం కలిపి నూరిన ముద్దను పొదుగుకు పూయడాన్ని జాతీయ పాడి అభివృద్ధి మండలివారు కూడా ప్రచారం చేస్తున్నారు. ముదిరితే సూది, పొదుగులోకి ఎక్కించే ట్యూబు తప్పవు. బర్రెకు నొప్పిగా ఉన్నప్పుడు మందు వేయించడం తప్పు కాదు, వేయించకపోవడమే తప్పు.

ప్రశ్న మందు వేసిన మరునాటినుంచి మొదలవుతుంది. మందు కొన్ని రోజులపాటు పాలలో దిగుతుంది. ఒక చన్నులో ఎక్కించినా నాలుగింటినుంచి వచ్చే పాలనూ పక్కన పెట్టవలసిందే. ఎన్ని రోజులో డబ్బామీద రాసి ఉంటుంది. రాసి లేకపోతే పాలకు కనీసం ఏడు రోజులని 2012 నుంచి మన చట్టం. ఆ పాలు కాచినా మందు పోదు. తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు, ఎందుకంటే చెడ్డ క్రిముల్ని చంపే మందు పెరుగు క్రిమిని కూడా వదలదు. పసిబిడ్డ కడుపులో జరిగేది కూడా అటువంటిదే. కొంచెం కొంచెంగా మందు రుచి మరిగిన క్రిములు రేపు అదే బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు మందుకు లొంగవు. పెన్సిలిన్ పడనివారికైతే ఆ కొంచెమే ముప్పు కావచ్చు.

“నావి ఐదు లీటర్లేగా సామీ, కేనులో కలిసిపోతాయి” అంటారు. పాపసంకీర్తనంలో విన్నది కాదు లెండి, అరుగుమీద విన్నదే. కలిసిపోవు. కేనంతా అవుతాయి. ఒక్క బర్రె పాలు ట్యాంకరునంతా పనికిరాకుండా చేయగలవు. నీళ్ళ విషయంలో ‘నా వంతు కొంచెమే’ అనే మాటకు ఏదో అర్థం ఉంది, విషం విషయంలో ఏ అర్థమూ లేదు.

పునీత తోమాస్ అక్వీనాస్ పదమూడో శతాబ్దంలో తన దైవశాస్త్ర సంగ్రహంలో అమ్మకాల్లో మోసం గురించి ఒక అధ్యాయమే రాశాడు. అమ్మేవాడు సరుకులోని లోపం చెప్పి తీరాలా? ఆయన జవాబు మన సంతలో నిలబడి చెప్పినట్టు ఉంటుంది. గుర్రానికి ఒక కన్ను లేదు, కొనేవాడికి అది కనబడుతూనే ఉంది, ధర కూడా తగ్గించావు, అప్పుడు నువ్వు చాటింపు వేయనక్కరలేదు. కాని లోపం కంటికి కనబడనిదై, కొన్నవాడికి నష్టమో ముప్పో తెచ్చేదైతే చెప్పక అమ్మడం మోసం. మరి తెలియక అమ్మితే? పాపం లేదు, కాని తెలిసిన తరువాత నష్టం తీర్చాలి. ఇక్కడ చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ‘మాకు తెలియదు’ అనేది మన పల్లెలో అన్నిటికంటె చవకైన కవచం. అదే తోమాస్ మరోచోట ఆ కవచాన్ని తీసేస్తాడు. తెలుసుకోవలసిన బాధ్యత ఉండి, తెలుసుకునే వీలు ఉండి, తెలుసుకోకపోతే ఆ అజ్ఞానమే దోషం. డబ్బామీద ఉన్నది చదవనివాడు తెలియనివాడు కాడు, చదవడం ఇష్టం లేనివాడు.

సంతకు కూడా ఇదే వర్తిస్తుంది. చూడిబర్రె ఈసుకుపోయింది. బ్రూసెల్లా జబ్బు అయి ఉండవచ్చునని పశువైద్యుడు అన్నాడు. ఆ మాట దాచి, మరుసటి నెల సంతలో అమ్మేశారు. కొన్న ఇంట్లో మిగతా పశువులకు పాకుతుంది. పచ్చిపాలు తాగినవారికి, పడిపోయిన పిండాన్ని చేతులతో తీసినవారికి అది తిరగబెట్టే జ్వరమై పట్టుకుంటుంది. కన్ను లేని గుర్రం కాదు ఇది. నాలుగునుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఈ జబ్బు రాకుండా, పశువులన్నిటికీ గాలికుంటు రాకుండా 2019లో మొదలైన కేంద్ర పథకం కింద టీకాలు ఉచితంగా వేస్తున్నారు. ‘సూది వేస్తే పాలు తగ్గుతాయి’ అని టీకాల రోజున బర్రెల్ని కాలవగట్టుకు తోలుకుపోయేవారు లేకపోలేదు.

మన తీరంవారికి ఈ విషయంలో తెలియదు అని చెప్పుకునే వీలు బొత్తిగా లేదు. రొయ్యల గుంటలు మనకు మూడు దశాబ్దాలకు పైగా తెలుసు. ఐరోపావారు సరుకులో నైట్రోఫ్యురాన్, క్లోరాంఫెనికాల్ మందుల జాడ పట్టి లోడ్లు తిప్పి పంపినప్పుడు ఆ మాటలు పలకడం కూడా మన కుర్రవాళ్ళు నేర్చుకున్నారు. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు సరుకులో పరీక్షించే భాగాన్ని పదో వంతునుంచి సగానికి పెంచింది. పట్టుబడికి ముందు ఎన్ని రోజులు మందు ఆపాలో గుంట కాపలావాడు కూడా చెబుతాడు. అదే మనిషి ఇంటికి వచ్చి, నిన్న సూది వేసిన బర్రె పాలు కేనులో పోస్తే ఏమనాలి? బ్రస్సెల్సులోని బిడ్డకోసం జాగ్రత్తపడ్డాడు, పక్కవీధి బిడ్డకోసం పడలేదు. బ్రస్సెల్సు బిడ్డకు ప్రయోగశాల ఉంది. పక్కవీధి బిడ్డకు ఉన్నదల్లా ఇతని మనస్సాక్షి. నాకు ఇది హోర్డు మాటకంటె ఎక్కువ గుచ్చుకుంటుంది.

మన భాషలో పాడి అంటే పాలిచ్చే పశుసంపద, పాడి అంటే న్యాయం కూడా. ‘ఇది నీకు పాడి కాదు’ అంటాము. నిఘంటువు పండితులు ఈ రెండు మాటల పుట్టుక ఒకటో వేరో ఏమంటారోగాని, బర్రెను కట్టుకున్న ఇంటివారికి అవి విడదీయరానివి. ఆ న్యాయంలో బర్రెకు కూడా వాటా ఉంది. నోరులేని జీవం బాగోగులు నీతిమంతుడు తెలుసుకుంటాడని సామెతల గ్రంథం, కళ్ళం తొక్కే ఎద్దు మూతి కట్టవద్దని ద్వితీయోపదేశకాండము. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం పశువులపట్ల దయ మన ఋణమని చెబుతూనే, మనుషుల కష్టం తీర్చవలసిన డబ్బును వాటిమీద వ్యర్థం చేయడం తగదని కూడా అంటుంది. నాకు ఆ సమతూకం నచ్చుతుంది. బర్రెను పూజించనక్కరలేదు, యంత్రంగా చూడకూడదు. మగదూడకు పాలు వదలక చావనిచ్చి, తరువాత దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు చేపించుకోవడం కొన్నిచోట్ల ఉంది. పశువుతో అబద్ధమాడవచ్చునా అని తత్వశాస్త్రంలో ఎవరూ మమ్మల్ని అడగలేదు. అడగవలసిన ప్రశ్నే. ఆ బొమ్మ కూడా లేకపోతే ఆక్సిటోసిన్ సూది. ఆరోగ్యం చెడేలా సూది వేసి పాలు పిండడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇదంతా చదివి ఒక తల్లి అడగబోయేది నాకు తెలుసు, ఎందుకంటే ఇప్పటికే అడిగింది. “పారబొయ్యమంటే సులువే సామీ. బర్రె ఒక్కటే. భర్త లేడు. నాలుగు రోజులు పాలు పొయ్యకపోతే వారం వడ్డీ ఎవురు కడతారు?” ఆమెకు అక్వీనాస్‌తో జవాబు చెప్పలేము. లెక్క కడదాం. పూటకు రెండున్నర లీటర్ల చొప్పున రోజుకు ఐదు, నాలుగు రోజులకు ఇరవై లీటర్లు. లీటరు యాభై అనుకుంటే వెయ్యి రూపాయలు. డబ్బామీద ఏడు రోజులని ఉంటే పదిహేడు వందల యాభై. ఆమె పాలు పారబోస్తే లాభపడేది ఎక్కడో కాఫీ తాగేవాడు, ఆ టీకొట్టువాడు, ఆ పసిబిడ్డ. నష్టపడేది ఆమె ఒక్కతే. అందరి మేలుకు అయ్యే ఖర్చును అందరికంటె పేదదాని కొంగునుంచి లాగి, ఆమె వెనుకాడితే పాపమని చెప్పడం కూడా పాడి కాదు. పాలకేంద్రంలో వెన్నకు డబ్బు ఉంది, శుభ్రతకు లేదు. సూది వేసిన పాలు పోయకుండా నిజం చెప్పి వెనక్కు వెళ్ళినామెకు మెచ్చుకోలు కూడా లేదు.

ఆమె తప్పేమీ లేదని నేను అనను. విషం ఉందని తెలిసి పోయకూడదు, అంతే. కాని ఆ తప్పులో వాటాదారులు ఉన్నారు. చవకపాలు కావాలి, స్వచ్ఛమైన పాలు కావాలి, రెండింటి ఖర్చూ మరొకరు భరించాలి అనుకునే మనమందరం ఆ వాటాదారులమే.

అందుకని మా విచారణలో పునీత విన్సెంట్ ది పాల్ సంఘంవారి ముందు ఒక ఆలోచన పెట్టాను. ఒకటి రెండు బర్రెలు మాత్రమే ఉన్న ఇంట్లో మందు వేసిన రోజుల పాలను కేనులో పోయకుండా, కాలవలో కూడా కలపకుండా, గుంత తీసి పోస్తే, ఆ పాల వెలలో సగమైనా సంఘం ఇవ్వాలి. కులం, మతం చూడకూడదు, ఎందుకంటే కేను చూడదు. ఒక పెద్దాయన, “అబద్ధం చెప్పి డబ్బు పట్టుకుపోతే?” అన్నారు. పశువైద్యశాల చీటీ తెస్తే చాలన్నారు ఇంకొకరు. చీటీ కూడా అబద్ధం కావచ్చునన్నారు మూడో ఆయన. గంటసేపు అక్కడే ఆగిపోయాము. ఎవరైనా ఒకరు వెయ్యి రూపాయలకు మోసం చేస్తే చేయనివ్వండి, ఆ భయంతో పదిమంది చేత విషం పోయించవద్దు అన్నది నా పక్షం. ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం రెండవ పూజ తరువాత మళ్ళీ కూర్చుంటున్నాము. పాలు పోసే తల్లులు కూడా రావాలి. ఇంతవరకు ఈ లెక్క వేసింది అంతా మగవాళ్ళమే, మాలో ఒక్కడైనా పాలు పిండేవాడు లేడు.